దాచిన చదువు

హనోయ్ దాటాక వచ్చే ఫ్యాక్టరీల పేటలో, అద్దె గదుల వరసలో ఒక గది. పగటి షిఫ్టు ఇప్పుడే వదిలారు. చెప్పాపెట్టకుండా ఊరినుంచి వచ్చి ఫ్యాక్టరీ గేటు దగ్గర కూర్చున్న తల్లిని లువా చెయ్యి పట్టుకుని ఇక్కడిదాకా తీసుకొచ్చింది.

“చెయ్యి వదలవే, మణికట్టు ఊడొస్తుంది. దొంగని లాక్కొచ్చినట్టు లాక్కొచ్చావు గేటు దగ్గర్నించీ.”

“ముందు లోపలికి రా అమ్మా. చెప్పులు కూడా లోపలే విడు. తలుపు వేస్తాను.”

“ఉక్కపోస్తుందే.”

“పొయ్యనీ. ఇప్పుడు చెప్పు. గేటు దగ్గర ఏమన్నావు?”

“ఏమంటాను? లువా ఉందా అన్నాను.”

“అంతేనా?”

“అంతే. మంచినీళ్ళు ఇస్తావా, ఇవ్వవా? రాత్రంతా బస్సులో కూర్చుని కాళ్ళు ఎలా వాచాయో చూడు.”

“ఇదిగో. తాగుతూ చెప్పు. లువా ఉందా అన్నావు. వాడేమన్నాడు?”

“ఏ లువా అన్నాడు. ఇక్కడ వేల మంది పనిచేస్తారు, లువాలే ఒక బుట్టెడు ఉంటారు అన్నాడు. నాకు ఒళ్ళు మండింది.”

“మండి?”

“మండితే ఏం చేస్తారు? మా లువా నీ బుట్టలో లువా కాదు నాయనా అన్నాను.”

“అమ్మా...”

“తప్పేముంది అందులో? మా అమ్మాయి లెక్కల ఆఫీసులో కూర్చుంటుంది, యూనివర్సిటీలో నాలుగేళ్ళు చదివింది, పట్టా పుచ్చుకుంది అన్నాను. లేనిది చెప్పానా? ఉన్నదే కదా?”

“అయ్యో.”

“అయ్యో అని నువ్వంటావేం? వాడు అనాలి. ఎక్కడో ఫోన్ చేసి అడిగి, ఆఫీసులో అలాంటి మనిషే లేదు పొమ్మన్నాడు. ఉందని నేను, లేదని వాడు. మాటతో పనికాదని ఫోటో చూపించాను.”

“ఏ ఫోటో?”

“ఏ ఫోటో ఏమిటి, ఉన్నది ఒక్కటేగా. నల్లగౌను, నెత్తిన పలకలాంటి టోపీ, చేతిలో పూలు. ఫోన్ తెరిస్తే అదే వస్తుంది. బస్సులో నా పక్కన కూర్చున్నావిడకీ చూపించాను. పాపం, ఆవిడ కూతురు పదితో మానేసిందట.”

“గేటువాడు సరిగ్గా చూశాడా? పైపైన చూసి వదిలేశాడా?”

“ఎందుకు వదులుతాడు? వేళ్ళతో లాగి పెద్దది చేసి చూశాడు. అటుగా పోతున్న ఒకావిణ్ణి పిలిచి మరీ చూపించాడు.”

“ఏ ఆవిడ? ఎలా ఉంది?”

“మనిషిలా ఉంది. పొట్టిగా, నెత్తిన టోపీ...”

“టోపీ ఏ రంగు? నీకు దణ్ణం పెడతానమ్మా, సరిగ్గా గుర్తు తెచ్చుకో. నీలమా, పసుపా?”

“పసుపు. నీది నీలం, ఆవిడది పసుపు. ఏం, పసుపైతే ఏమిటిట?”

“ఏం లేదు.”

“ఏం లేకపోతే అలా కూలబడ్డావేం? ఇంతకీ నీకు టోపీ ఎందుకే? ఆఫీసువాళ్ళకి కూడా టోపీలా?”

“ఇక్కడ అందరికీ టోపీలే. దుమ్ము పడకూడదని.”

“లెక్కల్లో దుమ్మేమిటే?”

“ఆ సంచి కదులుతోంది చూడు.”

“కోడి. నీకోసమే. కింద వేరుశెనక్కాయలు, పనసకాయ ఊరగాయ ఉన్నాయి, తొక్కేసిందో ఏమో. రెండు కోళ్ళు తెచ్చాను.”

“రెండోది ఏదీ?”

“గేటు దగ్గర అబ్బాయికిచ్చాను. ఫోటో చూశాక ఎంత మర్యాద! కుర్చీ తెచ్చి వేశాడు. చదువుకున్నదాని తల్లిని, ఒట్టి చేతుల్తో లేచొస్తే ఏం బాగుంటుంది?”

“బాగుంది. నా ఉద్యోగం ఊడగొట్టేవాడికి కోడిని కూడా ఇచ్చావన్నమాట.”

“ఉద్యోగం ఊడటమేమిటి?”

“ఏం లేదన్నానుగా.”

“ఇందాకట్నించీ ఏం లేదు, ఏం లేదు. ఇన్ని పక్కలు ఎవరివే ఇక్కడ? గది నీ ఒక్కదానిదేనన్నావు ఫోన్‌లో.”

“స్నేహితులవి. అప్పుడప్పుడూ వస్తారు.”

“అప్పుడప్పుడూ వచ్చేవాళ్ళు లోపలి బట్టలు ఇక్కడే ఆరేసుకుంటారా? అందరివీ ఒకే రంగు చొక్కాలు. గేట్లోంచి బయటికొస్తున్నప్పుడూ చూశాను, ఆ మందలో నిన్ను పోల్చుకోలేకపోయాను. నువ్వే వచ్చి చెయ్యి పట్టుకున్నావు. ఏదీ, ఆ చెయ్యి ఇలా చూపించు.”

“ఎందుకు?”

“చూపించమన్నానా? వేళ్ళ కొసలు ఇలా అయ్యాయేం?”

“టైపు కొట్టి.”

“టైపు కొడితే బొబ్బలు కట్టి, పగిలి, మళ్ళీ కడతాయా? నాకు అక్షరం ముక్క రాకపోవచ్చు గానీ, చేతులు చదవడం వచ్చు. ఇవి కూర్చుని రాసే చేతులు కావు.”

“అసలు నువ్వెందుకొచ్చావు? పండగా పబ్బమా? ఒక్క మాట చెప్పి రావొచ్చుగా?”

“చెబితే సెలవు లేదంటావు. తమ్ముడికి యూనివర్సిటీలో సీటొచ్చింది.”

“తెలుసు. విన్ తనే ఫోన్ చేశాడు.”

“ఫోన్‌లో విన్నావు గానీ ఊళ్ళో సంబరం చూళ్ళేదుగా. ఆదివారం మన వంశం పెద్దల మందిరంలో, అందరికన్నా పెద్దవాడు లాక్ తాత మైకులో వాడి పేరు చదువుతాడు. నీ పేరు చదివినట్టే. ఈసారి నిన్ను కూడా పిలుచుకురమ్మన్నాడు. చదువుకుంటే మనిషి ఎంత పైకొస్తుందో పిల్లలకి నాలుగు మాటలు చెప్పాలట నువ్వు. అందుకే వచ్చాను. రాత్రి బస్సుకి పోదాం పద.”

“నేను రాను.”

“రానంటే ఎలా? సోమవారం మహిళా సంఘంలో వాడి చదువు అప్పుకి నేను సంతకం పెట్టాలి. అక్క వచ్చి మందిరంలో మాట్లాడిందంటే సంఘంలో ఇంకెవరూ నోరెత్తరు. అందరూ నామీద పడి ఏడుస్తున్నారు, ఒక అప్పు తీరకుండా ఇంకోటా అని.”

“తీరలేదుగా మరి.”

“నువ్వు నెలనెలా కడుతున్నావుగా! వాడూ చదువుతాడు, వాడూ ఆఫీసులో చేరతాడు, వాడిది వాడు కట్టుకుంటాడు. ఇల్లు తాకట్టు పెట్టాల్సొచ్చినా సరే, వాణ్ణి పంపిస్తాను. ఇందులో రెండో మాట లేదు.”

“అమ్మా, నువ్వా సంతకం పెట్టేముందు...”

“ఊఁ, ముందు?”

“నేను ఆఫీసులో లేను.”

“సెలవు పెట్టావా?”

“అసలు ఎప్పుడూ లేను. ఫోన్లు బిగించే లైన్లో ఉన్నాను. చిన్న స్క్రూ తిప్పుతాను. పొద్దుటినుంచి సాయంత్రం దాకా అదే స్క్రూ. ముందు ఫోను పోతే వెనక ఫోను వస్తుంది.”

“ఎప్పట్నించి?”

“మొదట్నించీ.”

“మొదట్నించీ అంటే... అక్కడ పదితో మానేసినవాళ్ళ పక్కన, పట్టా ఉన్న పిల్లవి నువ్వు...”

“పట్టా ఉందని వాళ్ళకి తెలీదు. చెప్పలేదు.”

“చెప్పకపోవడమేమిటి?”

“దాచాను.”

“దాచావా? దొంగసొమ్ము దాస్తారు. కడుపొస్తే దాస్తారు. పట్టా దాచేవాళ్ళని నా జన్మలో చూళ్ళేదు!”

“మెల్లిగా అమ్మా, గోడలు పల్చన. పట్టా ఉన్నవాళ్ళని లైన్లోకి తీసుకోరు. మంచిది దొరకగానే పోతారని, చెప్పినమాట వినరని. తెలిస్తే తీసేస్తారు కూడా. పన్నెండుతో ఆపేశానని చెప్పి చేరాను.”

“మరి ఆ నాలుగేళ్ళూ? ఏం చేశావని చెప్పావు, బాతులు కాశానన్నావా?”

“మా అమ్మకి జబ్బు, దగ్గరుండి చూసుకున్నాను అన్నాను.”

“నాకా? ఏం జబ్బుట నాకు?”

“కిడ్నీలు.”

“రెండూనా?”

“ఒకటే.”

“పోనీలే. ఒకటైనా మిగిల్చావు.”

“నవ్వకమ్మా.”

“నవ్వుతున్నానా నేను? నా మొహం నవ్వుతున్నట్టుందా నీకు?”

“అది కాదు...”

“ఆఫీసుల చుట్టూ తిరగలేదా నువ్వు?”

“తిరగకుండా ఎందుకుంటాను? ఒకచోట అనుభవం కావాలన్నారు. ఒకచోట ఎవరి తాలూకు అని అడిగారు, ఎవరి తాలూకూ కాదన్నాను. ఇంకోచోట ఫోన్ చేస్తామన్నారు. మా క్లాసులో మొదటివాడు బండిమీద ఇంటింటికీ అన్నం పొట్లాలు మోస్తున్నాడు. ఒకరోజు వాన్లో ఎదురుపడ్డాడు. ఇద్దరం గుర్తుపట్టనట్టు వెళ్ళిపోయాం.”

“మరి పండక్కి ఎక్కువ పంపించావే. ఆఫీసరుగారు మెచ్చుకుని ఇచ్చారన్నావే.”

“రాత్రి షిఫ్టులు చేశాను.”

“నేనది సంఘంలో చెప్పానే. అందరిముందూ చెప్పాను. మా లువాని ఆఫీసరు మెచ్చుకున్నాడని.”

“తెలుసు.”

“తెలిసీ ఊరుకున్నావు.”

“నువ్వు చెబుతుంటే ఫోన్‌లో నీ గొంతు వినేదాన్నిగా. ఎలా ఆపను?”

“నీ పట్టా మీ నాన్న ఫోటో పక్కన పెట్టాను. పీఠం మీద. పొద్దున్నే ఆయనకి ధూపం వేసి, దానికీ చూపించి, అద్దం తుడిచి అప్పుడు పొలం పోతాను. దాన్ని ఇప్పుడేం చెయ్యమంటావు, పందుల కొట్టానికి తడికె కట్టనా?”

“కట్టు.”

“కట్టు అనే మొహం చూడు! ఎదురింటి వాడు తైవాన్ పోయి చేపలు కోసొచ్చి మూడంతస్తులు లేపాడు. వాళ్ళమ్మ నా మొహాన ఎన్నిసార్లు అందో తెలుసా, మావాడికి ఏ అప్పూ లేదు, ఏ చదువూ లేదు అని? నీ ఇంట్లో ఏముందే, మా ఇంట్లో పట్టా ఉంది అనేదాన్ని. నోరు మూసుకునేది. నాకున్నదల్లా అదొక్క జవాబే.”

“అమ్మా...”

“వృథానా? ఒక్క మాట చెప్పు. మొత్తం వృథానా?”

“అదే చెప్పలేను.”

“నాలుగేళ్ళు చదివావు, ఆ మాత్రం చెప్పలేవా?”

“అక్కడ లైబ్రరీలో ఫ్యాను కింద ఒక బల్ల ఉండేది. మధ్యాహ్నం అక్కడ కూర్చునేదాన్ని. ఆ వేళకి నువ్వు మోకాలి లోతు బురదలో ఉంటావని తెలుసు. తెలిసీ హాయిగా ఉండేది. పుస్తకం మూసేసి ఊరికే కిటికీలోంచి చూస్తూ కూర్చుంటే, లే, పనికి రా అని పిలిచేవాళ్ళు ఎవరూ లేరు. అంత హాయి నాకు ముందెప్పుడూ లేదు, తర్వాతా లేదు. నీ అప్పుమీద కూర్చుని హాయిగా ఉన్నాను నేను. ఆఫీసు దొరకలేదని కాదు నాకు సిగ్గు. అదీ.”

“ఊరుకో. ఏడవకు. ముక్కు తుడుచుకో.”

“ఏడవడంలేదు.”

“నేనూ హాయిగానే ఉన్నానే ఆ నాలుగేళ్ళు. నడుం వంగి నాట్లేస్తుంటే, ఈ పాటికి మా అమ్మాయి పుస్తకం తెరిచి ఉంటుంది అనుకునేదాన్ని. అనుకుంటే నడుంనొప్పి తెలిసేది కాదు.”

“నేను పుస్తకం మూసేదాన్ని. చెప్పానుగా.”

“తెరిచావో మూశావో, అక్కడున్నావుగా. చాల్లే. నీ రాత ఇలా ఉంది, విన్ రాత ఇలాగే ఉండాలనుందా? వాడు నీకన్నా చురుకు. వాణ్ణి పంపిస్తాను. ఆ ఫ్యాను కింద వాణ్ణీ కూర్చోనీ.”

“అమ్మా, వద్దు. నా మాట...”

“ఎవరో తలుపు కొడుతున్నారు.”

“లువా! ఉన్నావా? నేనే, సెన్‌ని.”

“అమ్మా, పసుపు టోపీ ఆవిడ. మా లైను పెద్ద. నువ్వేం మాట్లాడకు. ఒక్క ముక్క మాట్లాడకు... వస్తున్నా అక్కా! రా. కూర్చో.”

“కూర్చోను గానీ, తలుపు వెయ్యి. నమస్కారం పిన్నిగారూ. మీ కోడి పుణ్యమా అని గేటు దగ్గర పెళ్ళి సందడిగా ఉంది. గేటువాడు దాన్ని చంకలో పెట్టుకుని, పట్టా ఉన్న అమ్మాయి వాళ్ళమ్మ ఇచ్చింది, పట్టా ఉన్న అమ్మాయి వాళ్ళమ్మ ఇచ్చింది అని వచ్చేపోయేవాళ్ళకి చూపిస్తున్నాడు.”

“అక్కా, అది నేను చెబుతాను...”

“నువ్వాగు లువా. నిన్నడిగితే నువ్వేం చెబుతావో నాకు తెలుసు. పిన్నిగార్ని అడగనీ. ఈ మాట అప్పుడే పైకెళ్ళింది. రేపు పొద్దున నన్ను పిలిచి అడుగుతారు. దీన్ని తీసుకోమన్నది నేనే, నా తలకీ చుట్టుకుంటుంది. పిన్నిగారూ, మీ ఫోన్‌లో ఉన్న ఆ ఫోటో ఎవరిది?”

“అది... మా అమ్మాయిదే.”

“అమ్మా!”

“మొహం కనబడుతుంటే కాదంటే ఎవరు నమ్ముతారే? మా అమ్మాయిదేనమ్మా. గౌనే అద్దెది.”

“అద్దెదా?”

“మా వైపు స్టూడియోల్లో దొరుకుతాయి. గౌను, టోపీ, కాగితప్పూలు, అన్నీ వాళ్ళే ఇస్తారు. ఎదురింటావిడ తన కొడుకు గొప్పలు చెప్పి నా ప్రాణం తీస్తుంటే ఓర్వలేక, దీన్ని లాక్కుపోయి తీయించాను. పాపం ఇది వద్దు మొర్రో అంది.”

“యూనివర్సిటీలో నాలుగేళ్ళు చదివిందన్నారట?”

“అన్నాను. నోటికెంతొస్తే అంత అన్నాను. చదువురాని ముండని, గొప్పలకి పోయి దాని కడుపు కొట్టాను. నన్ను తిట్టండి అమ్మగారూ, చెప్పుచ్చుకు కొట్టండి. దాన్నేం అనకండి.”

“అమ్మా, అలా అనకు. నువ్వలా...”

“నువ్వు నోరుముయ్యి. దీనికి చదువెక్కడిదండీ? మొద్దు. లెక్కలంటే ఏడ్చి పారిపోయేది. ఆ పన్నెండు గట్టెక్కడానికే తల ప్రాణం తోకకొచ్చింది.”

“నేనా? లెక్కల్లో నేను...”

“చూశారా? రెండు ముక్కలు కూడబలుక్కోలేదు.”

“నన్ను అమ్మగారు అనకండి పిన్నీ. మీ అమ్మాయికంటే ఏడాదో రెండేళ్ళో పెద్దదాన్ని. మరి బడి అయ్యాక ఇన్నాళ్ళూ ఇంట్లో ఏం చేసింది ఇది?”

“నన్ను కనిపెట్టుకుని ఉంది. నాకు కిడ్నీ జబ్బు కదా. ఒకటి.”

“ఇప్పుడెలా ఉంది?”

“వస్తూ పోతూ ఉంటుంది.”

“రాత్రంతా బస్సులో వచ్చారే మరి?”

“ఇవాళ పోయింది.”

“సరే పిన్నీ. నేను రేపు పైకెళ్ళి నా నోటితో చెప్పాలి. వాళ్ళమ్మ గొప్పలు చెప్పుకుంది, అంతే, నాకు ఒట్టేసి చెప్పింది అనాలి. వెయ్యనిది వేశారని నేను చెప్పలేను. మీ పెద్దలమీద ఒట్టు వెయ్యండి, నేను పోతాను.”

“వద్దక్కా! నేనే మానేస్తాను. రేపటినించే రాను. అమ్మచేత ఆ ఒట్టు వేయించకు.”

“మానేస్తే ఎలా కడతావే? ఊరుకో. ధూపం ఉందా ఈ గదిలో?”

“ధూపం ఎందుకు పిన్నీ, మాట చాలు.”

“మా ఇంటి పెద్దలమీద ఒట్టు. పీఠం మీదున్న మా ఆయనమీద ఒట్టు. మా ఇంట్లో ఎవరూ యూనివర్సిటీ గడప తొక్కలేదు. ఇది తొక్కలేదు, ఎవరూ తొక్కలేదు. తొక్కారని మళ్ళీ నేనంటే ఈ నాలుక పడిపోవాలి. చాలా తల్లీ? ఇంకా వెయ్యాలా?”

“చాలు. చాలు పిన్నీ. లువా, ఆ కిటికీ దగ్గర నిలబడి ఏడవకు, రోడ్డుమీదికి కనబడుతుంది. అమ్మకి ఏదైనా వండిపెట్టు. పిన్నీ, రేపు పోతూ పోతూ గేటువాడికి ఇదే మాట గట్టిగా చెప్పండి. వాడికి ఎడమ చెవి వినబడదు, కుడిపక్కన నిలబడండి. వస్తాను.”

“అమ్మాయ్, ఒక్క మాట.”

“చెప్పండి.”

“మీ దగ్గర మగపిల్లల్ని తీసుకుంటారా?”

“తీసుకుంటారు, పెట్టెలు ఎత్తే చోట. ఎవరున్నారు?”

“మా అబ్బాయి. దీని తమ్ముడు. ఒళ్ళు దాచుకోడు. పన్నెండు చదివాడు.”

“పన్నెండేనా పిన్నీ?”

“పన్నెండే. నిజంగా పన్నెండే.”

“సోమవారం పొద్దున్నే పంపండి. నేను చూసుకుంటాను.”

“చల్లగా ఉండు తల్లీ. మెట్లు చీకటిగా ఉన్నాయి, చూసుకుని దిగు.”

“అమ్మా! ఏం చేశావు నువ్వు? సోమవారం ఇక్కడికి పంపడమేమిటి? ఇప్పుడే కదా ఫ్యాను కింద కూర్చోనీ అన్నావు? ఆదివారం మందిరంలో లాక్ తాత మైకులో వాడి పేరు చదువుతాడు...”

“ఎవరి పేరు చదువుతాడే? మన ఇంట్లో ఎవరూ యూనివర్సిటీ గడప తొక్కలేదు. ఇప్పుడే కదా మీ నాన్నమీద ఒట్టేశాను.”